బొగ్గుపులుసు గాలిని బొగ్గులోనే దాచగలమా?

కార్బన్ డయాక్సైడుకి మన పాత తెలుగులో ఒక పేరుంది: బొగ్గుపులుసు వాయువు. ఇప్పుడు ఆ మాట ఎవరమూ వాడం. పేరు పెట్టినవాళ్లు ఎవరో గానీ బాగా ఆలోచించి పెట్టారు. బొగ్గు కాలిస్తే వస్తుంది కాబట్టి బొగ్గు, నీళ్లలో కరిగితే ఆమ్లం అవుతుంది కాబట్టి పులుసు. గోలీ సోడా తాగినప్పుడు నాలుక మీద చురుక్కుమనిపించేది ఆ పులుసే. పుట్టుక, గుణం రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. "డయాక్సైడ్" అంటే ఆక్సిజన్ పరమాణువులు రెండని తెలుస్తుంది తప్ప, ఇంత కథ తెలియదు.

ఈ వ్యాసం ఆ గాలిని మళ్లీ బొగ్గులోకే పంపాలనే ఆలోచన గురించి. పవర్ ప్లాంటు పొగగొట్టం దగ్గర కార్బన్ డయాక్సైడుని పట్టుకుంటాం. దాన్ని కుదించి, తవ్వడానికి అందని లోతులో ఉన్న బొగ్గు పొరలోకి బోరు ద్వారా ఎక్కిస్తాం. బొగ్గుకి మీథేన్ కన్నా కార్బన్ డయాక్సైడు అంటే ఎక్కువ ఇష్టం. అందుకని దాన్ని పట్టుకుని, ఎప్పటినుంచో తనలో ఉన్న మీథేన్‌ని వదిలేస్తుంది. ఆ మీథేన్ పక్క బోరులోంచి పైకొస్తుంది. అమ్ముకోవచ్చు. దీని పూర్తి పేరు ఎన్‌హాన్స్‌డ్ కోల్ బెడ్ మీథేన్ రికవరీ, ముద్దుగా ఈసీబీఎం.

సెమినార్ టాపిక్కుల లిస్టుల్లో ఇది తరచుగా కనిపించే పేరే. పీపీటీలో బొమ్మ కూడా ఎప్పుడూ ఒకటే: ఎడమ పక్క పొగగొట్టం, కిందికి ఒక బాణం, నల్లటి పొర, పైకి ఇంకో బాణం, కుడి పక్క గ్యాస్ సిలిండర్. ఒకే దెబ్బకి రెండు పిట్టలు, చప్పట్లు, వచ్చే టాపిక్కు. ఆ రెండు బాణాల మధ్య ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూద్దాం. చూశాక మీరు ఆ స్లయిడు వాడినా, కింద రెండు మూడు అంకెలు తప్పక రాస్తారని నా నమ్మకం.

బెల్లం, చీమలు

బొగ్గుని రాయి అనుకుంటాం గానీ, లోపల అది లెక్కలేనన్ని సన్న గదులున్న ఇల్లు. ఒక్క గ్రాము బొగ్గు తీసుకుని, దాని లోపలి రంధ్రాల గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే వంద చదరపు మీటర్లు దాటొచ్చు. అంటే ఒక డబుల్ బెడ్‌రూం ఫ్లాటంత నేల, చిటికెడు బొగ్గులో. ఆ గదుల్లో చాలావాటి వెడల్పు రెండు నానోమీటర్లు కూడా ఉండదు.

మన గోండ్వానా బొగ్గు పెర్మియన్ కాలంనాటిది, పాతిక కోట్ల ఏళ్లు పైబడిన సరుకు. చెట్లు పూడిపోయి, వేడికీ ఒత్తిడికీ బొగ్గుగా మారే క్రమంలో మీథేన్ పుట్టింది. అందులో కొంత పారిపోయింది, కొంత ఈ గదుల గోడలకి అంటుకుని ఉండిపోయింది. మామూలు గ్యాసు బావిలో గ్యాసు ఇసుకరాతి సందుల్లో ఖాళీగా తిరుగుతుంటుంది. బొగ్గులో అలా కాదు, నూటికి తొంభై వంతులకు పైగా గోడలకి పట్టుకునే ఉంటుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఈ మాట గుర్తుండాలి: అధిశోషణం. శోషణం వేరు, అధిశోషణం వేరు అని పరీక్షలో తేడాలు రాసేవాళ్లం కదా. గుడ్డ నీళ్లు పీల్చుకుంటే శోషణం. బెల్లం ముద్దకి చీమలు పడితే అధిశోషణం. చీమలు బెల్లం పైనే ఉంటాయి గానీ, ఎక్కువ చోటుంటే ఎక్కువ చీమలు పడతాయి, అంతే.

ఇక వీధులు. బొగ్గు పెళ్లని చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూస్తే, నిలువుగా గీతలు గీసినట్టు సన్నటి చీలికలు కనిపిస్తాయి. వాటిని క్లీట్లు అంటారు. పొడవుగా సాగే వరస ఫేస్ క్లీట్లు, వాటిని అడ్డంగా కలిపేవి బట్ క్లీట్లు. గదుల్లో ఉన్న మీథేన్ ముందు డిఫ్యూజన్‌తో మెల్లగా వీధి దాకా రావాలి, అక్కణ్ణుంచి క్లీట్ల వెంట పారి బోరు చేరాలి. గదుల్లో ఫిక్ నియమం, వీధుల్లో డార్సీ నియమం. ఈ రెంటిలో ఏది నెమ్మదిగా నడిస్తే మొత్తం పని ఆ వేగంతోనే నడుస్తుంది. పైగా వీధులు మామూలుగా నీళ్లతో నిండి ఉంటాయి. అందుకే కోల్ బెడ్ మీథేన్ బోరు వేసిన కొత్తలో గ్యాసు రాదు, నీళ్లొస్తాయి. వారాలు, ఒక్కోసారి నెలలు నీళ్లు తోడుతూ ఉంటే పొరలో ఒత్తిడి తగ్గి, అప్పుడు గ్యాసు వదలడం మొదలవుతుంది. సోడా గోలీ లోపలికి నొక్కగానే బుస్సుమన్నట్టు. సోడాలో గ్యాసు కరిగి ఉంటుంది, ఇక్కడ అంటుకుని ఉంటుంది. తేడా అంతే, ఒత్తిడి తగ్గితే బయటికి రావడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

సీటు ఎవరిది?

ఒత్తిడికీ పట్టుకున్న గ్యాసుకీ ఉన్న సంబంధం మనకి కొత్తది కాదు. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1918లో ఇచ్చిన సమీకరణం, ఫిజికల్ కెమిస్ట్రీలో అందరం బట్టీ పట్టిందే. పట్టుకున్న గ్యాసు = గరిష్ఠ సామర్థ్యం × ఒత్తిడి ÷ (లాంగ్‌మ్యూర్ ఒత్తిడి + ఒత్తిడి). ఆయనకి 1932లో నోబెల్ వచ్చింది ఉపరితలాల కెమిస్ట్రీకే. ఆ సమీకరణంలో రెండు అంకెలు పెట్టి చూస్తే పీపీటీ బొమ్మ కన్నా ఎక్కువ అర్థమవుతుంది. ఈ అంకెలు ఏ గనివీ కావు, లెక్క కోసం నేను అనుకున్నవి. కాకపోతే మంచి బిట్యూమినస్ బొగ్గుకి నమ్మదగిన సైజువే.

600 మీటర్ల లోతు పొర అనుకోండి. అక్కడ నీటి ఒత్తిడి దాదాపు 6 మెగాపాస్కళ్లు. మీథేన్‌కి గరిష్ఠ సామర్థ్యం టన్నుకి 20 ఘనపు మీటర్లు, లాంగ్‌మ్యూర్ ఒత్తిడి 3 మెగాపాస్కళ్లు. లెక్క వేస్తే టన్ను బొగ్గులో 13.3 ఘనపు మీటర్ల మీథేన్. నీళ్లు తోడి తోడి ఒత్తిడిని 1 మెగాపాస్కల్‌కి దించాం. అప్పటికి ఇంకా 5 ఘనపు మీటర్లు లోపలే ఉంటుంది. అంటే మనకి వచ్చింది 62 శాతం. ఇంకా దించడానికి అయ్యే ఖర్చు, వచ్చే గ్యాసు ధరకి సరిపోదు. బోరు మూసేసి వెళ్లిపోతారు.

ఇక్కడే బొగ్గుపులుసు గాలి రంగంలోకి దిగుతుంది. దానికి అదే బొగ్గులో గరిష్ఠ సామర్థ్యం 32 ఘనపు మీటర్లు, లాంగ్‌మ్యూర్ ఒత్తిడి 1.5 మెగాపాస్కళ్లు అనుకుందాం. ఒత్తిడి దించకుండా 6 మెగాపాస్కళ్ల దగ్గరే ఉంచి, క్లీట్లలో గ్యాసు 80 శాతం కార్బన్ డయాక్సైడు, 20 శాతం మీథేన్ అయ్యేదాకా ఎక్కించాం. మీథేన్ వాటా ఒత్తిడి 1.2 మెగాపాస్కళ్లు. అది ఒంటరిగా ఉంటే ఆ ఒత్తిడి దగ్గర 5.7 ఘనపు మీటర్లు అంటుకుని ఉండేది. పక్కన కార్బన్ డయాక్సైడు ఉంటే, రెండు గ్యాసుల లాంగ్‌మ్యూర్ సమీకరణం ప్రకారం 1.7 మాత్రమే మిగులుతుంది. అంటే 87 శాతం మీథేన్ బయటికొచ్చింది. కాగితం మీద చూస్తే అద్భుతం. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకున్నవాణ్ణి కూడా లేపేసి కూర్చునే రకం ఈ గ్యాసు.

ఎందుకలా? కార్బన్ డయాక్సైడు అణువు నిటారు పుల్లలాంటిది, రెండు చివర్లా ఆక్సిజన్, ఛార్జి సమంగా పంచుకోలేదు. అందుకని బొగ్గు గోడతో దానికి మీథేన్ కన్నా గట్టి లంకె. సన్నం కూడా: దాని వ్యాసం 0.33 నానోమీటర్లు, మీథేన్‌ది 0.38. మీథేన్ దూరలేని ఇరుకు సందులోకి ఇది దూరిపోతుంది. ఇంకో కారణం, దాని క్రిటికల్ ఉష్ణోగ్రత 31 డిగ్రీల సెల్సియస్, మీథేన్‌ది మైనస్ 82. పొర లోపలి వేడిలో కార్బన్ డయాక్సైడు దాదాపు ద్రవం కాబోయే స్థితిలో ఉంటుంది, ఉపరితలానికి అతుక్కోవడం దానికి తేలిక. బిట్యూమినస్ బొగ్గు ఒక మీథేన్ అణువుకి బదులు దాదాపు రెండు కార్బన్ డయాక్సైడు అణువుల్ని పట్టుకుంటుంది. లిగ్నైటు లాంటి లేత బొగ్గులో ఈ నిష్పత్తి ఇంకా పెరుగుతుంది.

ఆ "ఒకటికి రెండు" అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోండి. బయటికొచ్చిన మీథేన్‌ని షోకేసులో పెట్టం, కాలుస్తాం. ఒక అణువు మీథేన్ కాలితే ఒక అణువు కార్బన్ డయాక్సైడు. రెండు దాచి, ఒకటి మళ్లీ గాల్లోకి వదిలాం. నికరంగా మిగిలింది ఒకటి. పొగలోంచి దాన్ని వేరుచేసి, కుదించి, పైపులో పంపడానికి పవర్ ప్లాంటు తన కరెంటులో పావు వంతు దాకా ఖర్చు పెట్టాల్సి వస్తుంది. అది కూడా ఆ మిగిలిన ఒకటిలోంచే పోవాలి. బోర్ల దగ్గర మీథేన్ కాస్త లీకైతే, వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడు కన్నా దాదాపు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. స్లయిడు మీద రాయాల్సిన మొదటి అంకె ఇదే.

తలుపు ఉబ్బితే

వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి గుమ్మానికి పట్టేయడం మీ ఇళ్లలో చూసే ఉంటారు. బొగ్గు కూడా అంతే. గ్యాసు పట్టుకుంటే ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. మీథేన్ పోయినప్పుడు కాస్త ముడుచుకుంటుంది గానీ, దాని స్థానంలో రెండింతల కార్బన్ డయాక్సైడు చేరితే అంతకన్నా ఎక్కువ ఉబ్బుతుంది. ల్యాబుల్లో ఈ ఉబ్బు ఘనపరిమాణంలో 1 శాతం దాటడం మామూలే.

ఒక శాతమేగా అనిపిస్తుంది. కానీ క్లీట్లు, అంటే మన వీధులన్నీ కలిపి, మొత్తం బొగ్గు పరిమాణంలో తరచుగా ఒక శాతమో అంతకన్నా తక్కువో ఉంటాయి. పైన వందల మీటర్ల రాయి బరువుంది, చుట్టూ రాయే, బొగ్గు బయటికి ఉబ్బడానికి చోటు లేదు. మరి ఎటు ఉబ్బుతుంది? వీధుల్లోకే. పర్మియబిలిటీ చీలిక సందుకి క్యూబ్ నిష్పత్తిలో మారుతుంది: సందు సగమైతే ప్రవాహం ఎనిమిదో వంతు అవుతుంది. బొగ్గుకి ఏ గుణం ఉందని మనం దాని దగ్గరికి వెళ్లామో, ఆ గుణమే మన మొహం మీద తలుపు వేస్తుంది. నా దృష్టిలో ఈ సబ్జెక్టులో అసలు ఆసక్తికరమైన విషయం ఇదే.

ఇది ఊహ కాదు, బోర్లు వేసి చూశారు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం, శాన్ హువాన్ బేసిన్. అక్కడి అలిసన్ యూనిట్లో బర్లింగ్టన్ రిసోర్సెస్ అనే కంపెనీ 1995 నుంచి 2001 దాకా నాలుగు బోర్లలో సుమారు 3 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడు ఎక్కించింది, 16 బోర్లలోంచి మీథేన్ తీసింది. అక్కడి ఫ్రూట్‌లాండ్ బొగ్గు ప్రపంచంలోనే అతి మంచి పర్మియబిలిటీ ఉన్న బొగ్గుల్లో ఒకటి, దాదాపు వంద మిల్లీడార్సీలు. అంతటి బొగ్గులో కూడా ఎక్కించే బోర్ల చుట్టూ పర్మియబిలిటీ దాదాపు వంద రెట్లు పడిపోయింది. మీథేన్ అదనంగా వచ్చిన మాట నిజమే. మొదట్లో ఎక్కింపు బాగా తగ్గినా, మీథేన్ పోయి పొర ముడుచుకునే కొద్దీ తర్వాత కాస్త కోలుకుంది కూడా. పని జరిగింది గానీ, అప్పటి గ్యాసు ధరకి డబ్బులు గిట్టలేదు. ఇంకో తమాషా ఏంటంటే అక్కడ ఎక్కించిన కార్బన్ డయాక్సైడు ఏ పొగగొట్టం నుంచీ రాలేదు. చమురు బావుల్లోకి ఎక్కించడం కోసం భూమిలోంచే తవ్వి పైపులో పంపుతున్న సహజ గ్యాసుని కొనుక్కున్నారు. ఒక చోట భూమిలోంచి తీసి ఇంకో చోట భూమిలో పెట్టారన్నమాట.

యూరప్ వాళ్లు పోలండులోని ఎగువ సైలీషియాలో, కనియూఫ్ అనే ఊరి దగ్గర రీకోపోల్ ప్రాజెక్టు నడిపారు. 900 మీటర్ల కిందున్న పొరలు, మామూలు బిగుతు బొగ్గు. 2004లో ఎక్కించడం మొదలుపెట్టారు, పొర లోపలికి తీసుకోనంది. 2005లో బోరు అడుగున పొరని పగలగొట్టి, అంటే ఫ్రాకింగ్ చేసి, అప్పుడు రోజుకి 12 నుంచి 15 టన్నుల దాకా నిరంతరంగా ఎక్కించగలిగారు. మొత్తం మీద పోయింది 760 టన్నులు. జపాన్ వాళ్లు హొక్కైదోలోని యూబరి దగ్గర 2004 నుంచి 2007 దాకా ప్రయత్నించారు. అక్కడా అదే కథ. తలుపు బిగుసుకుంది. 2006లో వాళ్లు మధ్యలో నైట్రోజన్ ఎక్కించి చూశారు. నైట్రోజన్‌ని బొగ్గు మీథేన్‌లో సగమే పట్టుకుంటుంది కాబట్టి ఉబ్బు తగ్గింది, తలుపు తెరుచుకుంది. మళ్లీ కార్బన్ డయాక్సైడు ఎక్కించగానే మళ్లీ బిగుసుకుంది. మొత్తం కలిపి 900 టన్నుల లోపే.

నైట్రోజన్ సంగతి చూస్తే ఒక ఆలోచన రాక మానదు: పొగలో ఎలాగూ ముప్పావు వంతు నైట్రోజనే కదా, వేరుచేసే ఖర్చు మానేసి పొగనే ఎక్కిస్తే? ఆలోచించినవాళ్లున్నారు. తలుపు తెరిచే ఉంటుంది, మీథేన్ కూడా తొందరగా వస్తుంది. కాకపోతే నైట్రోజన్ గోడలకి నిలవదు, వీధుల వెంట పరుగెత్తి మీథేన్ బోరులోకి వచ్చేస్తుంది, వచ్చిన గ్యాసు కాలడానికి పనికిరాకుండా పోతుంది. కుదించాల్సిన గ్యాసు కూడా ఐదారు రెట్లవుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే.

రీకోపోల్ అంకెని మన ఊరి పక్కకి తెచ్చి చూద్దాం. రామగుండం ఎన్టీపీసీ పాత యూనిట్లు కలిపి 2,600 మెగావాట్లు. నూటికి 75 వంతుల లోడుతో నడిస్తే రోజుకి దాదాపు 46,800 మెగావాట్ అవర్లు. ఒక్కో మెగావాట్ అవరుకి సుమారు 0.95 టన్నుల కార్బన్ డయాక్సైడు అనుకుంటే, రోజుకి 44 వేల టన్నులు. బోరుకి రోజుకి 15 టన్నుల చొప్పున, దాదాపు మూడు వేల బోర్లు కావాలి. ఒక్క ప్లాంటుకి.

ముప్పై టన్నుల లెక్క

సరే, బోర్లు వేశామే అనుకుందాం. చోటు సరిపోతుందా? ఇది నేను ఏ పీపీటీలోనూ చూడని లెక్క, చేయడానికి మాత్రం ఇంటర్ కెమిస్ట్రీ చాలు.

మన ఊహా పొరలో 6 మెగాపాస్కళ్ల దగ్గర, అంతా కార్బన్ డయాక్సైడే అయిపోయిన ఆదర్శ స్థితిలో, టన్ను బొగ్గు 25.6 ఘనపు మీటర్లు పట్టుకుంటుంది. ఘనపు మీటరుకి 1.87 కిలోల చొప్పున, దాదాపు 48 కిలోలు. ఇప్పుడు ఒక టన్ను బొగ్గు కాలిస్తే ఎంత వస్తుంది? మన బొగ్గులో బూడిద ఎక్కువ, కర్బనం 40 శాతం అనుకుంటే, 400 కిలోలు గుణించు 44, భాగించు 12: దాదాపు 1,470 కిలోలు. 1,470ని 48తో భాగించండి. ముప్పై చిల్లర.

అంటే ఒక టన్ను బొగ్గు కాల్చినందుకు వచ్చిన గాలిని దాచడానికి ముప్పై టన్నుల బొగ్గు భూమిలో కదలకుండా ఉండాలి. అది కూడా పొరలో మూలమూలకీ గ్యాసు చేరిందనుకుంటే. బూడిద ఏమీ పట్టుకోదు కాబట్టి మన బొగ్గుకి ఇంకా ఎక్కువే కావాలి.

సింగరేణి ఏడాదికి దాదాపు 7 కోట్ల టన్నులు తవ్వుతుంది. ముప్పైతో గుణిస్తే 210 కోట్ల టన్నులు. గోదావరి లోయలో ఇప్పటిదాకా లెక్కకొచ్చిన బొగ్గంతా కలిపి 2,200 కోట్ల టన్నుల పైచిలుకు. ఓపెన్ కాస్టుల్లో రేపో మాపో తవ్వబోయే బొగ్గుని కూడా వదలకుండా అంతటినీ గోదాము చేసేసినా, పదేళ్ల పొగకి సరి. ఇది గోదావరి లోయ గోల మాత్రమే కాదు. వాతావరణ మార్పుల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ 2005లో వేసిన ప్రత్యేక నివేదికలో, ప్రపంచంలోని తవ్వలేని బొగ్గు పొరలన్నీ కలిపి దాచగలిగేది తక్కువలో తక్కువ 300 కోట్ల నుంచి 1,500 కోట్ల టన్నులనీ, ఎక్కువలో ఎక్కువ 20,000 కోట్ల టన్నులనీ అంచనా కట్టారు. ప్రపంచం ఇప్పుడు ఇంధనాలు కాల్చి ఏడాదికి వదిలేదే 3,500 కోట్ల టన్నులు దాటింది. తక్కువ అంచనా నిజమైతే బొగ్గు గోదాము ఒక్క ఏడాదికి కూడా చాలదు. అదే నివేదికలో లోతైన ఉప్పునీటి రాతి పొరలకి కింది అంచనాయే లక్ష కోట్ల టన్నులు.

అందుకని నా అభిప్రాయం ఇది: ఈసీబీఎంని "కార్బన్ దాచే పద్ధతి" అని పరిచయం చేయడమే తప్పుదారి. అది మీథేన్ ఎక్కువ రాబట్టే పద్ధతి, దాంతోపాటు కాస్త కార్బన్ కూడా దాగుతుంది. ఆ లెక్కన చూస్తే అది పనికిమాలినదేం కాదు. మన దేశంలో దాని చోటు కూడా రామగుండం కాదు, రాణిగంజ్. పశ్చిమ బెంగాల్‌లోని రాణిగంజ్ పొరల్లోంచి 2007 నుంచీ కోల్ బెడ్ మీథేన్ వ్యాపారంగా తీస్తున్నారు. మధ్యప్రదేశ్ సోహాగ్‌పూర్‌లో 2017లో మొదలైంది. అక్కడ బోర్లు ఇప్పటికే ఉన్నాయి, నీళ్లు తోడేశారు, ఏ పొర ఎంత వదులుతుందో ఏళ్ల తరబడి రికార్డులున్నాయి. రాణిగంజ్ పక్కనే దుర్గాపూర్, బర్న్‌పూర్ ఉక్కు ఫ్యాక్టరీలున్నాయి. ముసలిదైపోతున్న ఒక బోరు, పక్కనే ఒక పొగగొట్టం: ప్రయోగం చేయాలంటే ఇంతకన్నా చవక చోటు దొరకదు.

గోదావరి లోయ బొగ్గు దామోదర్ లోయ బొగ్గంత ముదరలేదు. సబ్-బిట్యూమినస్ నుంచి హై వోలటైల్ బిట్యూమినస్ దాకా ఉంటుంది, దాంట్లో మీథేన్ తక్కువ. లేత బొగ్గు ఒక మీథేన్‌కి బదులు ఎక్కువ కార్బన్ డయాక్సైడు పట్టుకుంటుందని ఇందాక అనుకున్నాం కదా, కాబట్టి దాచే కోణంలో ఇది కాస్త మెరుగు. కానీ అమ్ముకోడానికి గ్యాసు లేకపోతే బోరు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? డబ్బులిచ్చే బొగ్గు తక్కువ దాస్తుంది, ఎక్కువ దాచే బొగ్గు డబ్బులివ్వదు.

"తవ్వలేని" అనే మాట

ఇంతకీ ఏ పొరలో దాచాలి? పుస్తకాలన్నీ ఒకే మాట అంటాయి: తవ్వలేని పొరల్లో. ఈ మాట దగ్గర కాస్త ఆగాలి.

ఇల్లందు దగ్గర బొగ్గుందని జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ 1871లో గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆనాడు బొగ్గుబాయిలోకి దిగినవాళ్ల చేతిలో ఉన్నది గొడ్డలిలాంటి పిక్కు, తట్ట. ఇవాళ అదే కంపెనీ అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో వందల మీటర్ల లోతున, హైడ్రాలిక్ సపోర్టుల కింద మిషను నడిపిస్తోంది. 1889లో ఆ పొర గురించి అడిగితే "తవ్వలేనిది" అనే చెప్పేవాళ్లు. తవ్వలేనిది అన్నది బొగ్గుకి ఉన్న గుణం కాదు. ఆ రోజు మన దగ్గరున్న మిషను, బొగ్గు ధర, రెండూ కలిసి చెప్పే మాట.

మామూలుగా ధర మారితే నిర్ణయం మార్చుకోవచ్చు. ఇక్కడ కుదరదు. గ్యాసు ఎక్కించిన పొర ఇక ఎప్పటికీ తవ్వకూడదు. తవ్వితే దాచిందంతా బయటికొస్తుంది. గాల్లోకి వస్తే పెట్టిన ఖర్చు వృథా. గనిలోకి వస్తే అంతకన్నా ఘోరం. కార్బన్ డయాక్సైడు గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు, వాసన లేదు, పల్లంలో చేరి నిలబడుతుంది.

బొగ్గులోంచి ఆ గ్యాసు ఒక్కసారిగా తన్నుకొస్తే ఏమవుతుందో చూసిన చోటుంది. రీకోపోల్ జరిగిన ప్రాంతానికి పడమరగా దిగువ సైలీషియా ఉంది. ఇప్పుడు పోలండు, అప్పట్లో జర్మనీ. అక్కడి బొగ్గులో ప్రకృతే కార్బన్ డయాక్సైడు నింపింది. 1930లో హౌస్‌డోర్ఫ్ దగ్గరి గనిలో పొర ఒక్కసారిగా పగిలి, గ్యాసు, బొగ్గు పొడి కలిసి సొరంగాల్లోకి ఎగదన్నాయి. మంట లేదు, పేలుడు లేదు. ఊపిరాడక 150 మందికి పైగా చనిపోయారు. 1941లో ఆ దగ్గర్లోనే నోవా రూడా గనిలో అలాగే జరిగి 180 మందికి పైగా పోయారు. బొగ్గు ఈ గ్యాసుని లక్షల ఏళ్లు పట్టుకుని ఉండగలదు అనడానికి ఈ గనులే మంచి రుజువు. దాని దగ్గరికి పిక్కు పట్టుకుని వెళ్లకూడదు అనడానికి కూడా అవే రుజువు.

కాబట్టి ఎక్కడైనా ఒక పొరని గోదాముగా ఎంచుకుంటున్నాం అంటే, ఆ బొగ్గుతో పాటు దానికి ఆనుకుని ఉన్న పొరల్ని కూడా, ముందు తరాల కరెంటునీ ఉద్యోగాల్నీ లెక్కలోంచి తీసేస్తున్నాం. గోదావరిఖని, భూపాలపల్లి, మణుగూరు లాంటి ఊళ్లలో ఇది చిన్న నిర్ణయం కాదు. అక్కడ పై పొర తవ్వాక కింది పొర తవ్వుతారు, కింది పొర ఇంకో తరం జీతం.

ఒకవేళ ఎప్పుడైనా అలాంటి నిర్ణయం తీసుకున్నా, మొదటి పని కంప్రెసరు కొనడం కాదు. బొగ్గు ఎక్కడుందో తెలుసుకోవడానికి దశాబ్దాలుగా వేసిన అన్వేషణ బోర్లు ఆ పొరల్ని నిలువునా చీల్చుకుంటూ పోయాయి. గ్యాసుకి అవి తిన్నగా పైకొచ్చే మెట్లు. పాత గనుల ప్లానుల్లో నీళ్లు నిండిన వర్కింగుల్ని ఎలా గుర్తు పెడతారో, అలాగే ఈ బోర్లన్నిటినీ ఒక ప్లాను మీదికి ఎక్కించాలి. ఏది అడుగు దాకా సిమెంటుతో మూశారో, ఏది మట్టి పోసి వదిలేశారో ఒక్కొక్కటీ తేల్చుకోవాలి.